బయోఫిజిక్స్ పీహెచ్‌డీలో ఆరేళ్లు: ల్యాబ్‌లో, క్లాసులో నాకు ఎదురైనవి

గత నెల నా వైవా అయిపోయింది. చేరేముందు నేను ఇలాంటి అనుభవాల కోసమే వెతికాను. ఏ ఏడాది ఏం జరుగుతుంది, పని ఎక్కడ ఆగిపోతుంది, వారంలో ఎంత సమయం పాఠాలకు పోతుంది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది అని. దొరికినవన్నీ గెలిచినవాళ్ల కథలే. అందుకని గుర్తున్నంతవరకు వరుసగా రాస్తున్నాను.

ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి ఆగస్టులో చేరాను. మా విభాగంలో చేరగానే ఒక గైడ్ దగ్గర కుదిరిపోవడం ఉండదు. మొదటి ఏడాది మూడు ల్యాబ్‌లలో సుమారు రెండేసి నెలలు పనిచేసి చూడాలి. రొటేషన్ అంటారు. పక్కన కోర్సులు, పరీక్షలు మామూలే.

మొదటిది కంప్యూటర్ సిమ్యులేషన్ ల్యాబ్. నీళ్లలో ఉన్న ప్రోటీన్‌లో ప్రతి పరమాణువు ఎటు కదులుతుందో లెక్కగట్టే పని. ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లు. ఒక్క మైక్రోసెకను చూడాలంటే 50 కోట్ల అడుగులు వేయించాలి. జాబ్ పెట్టి క్యూలో మన వంతు కోసం చూస్తూ కూర్చోవడమే నాకు ఎక్కువగా గుర్తుంది. రెండోది ఎక్స్-రే క్రిస్టలోగ్రఫీ, అంటే ప్రోటీన్‌ని స్ఫటికంగా పెంచి ఎక్స్-రేలతో దాని ఆకారం తెలుసుకునే పని. అక్కడున్నంత కాలం నా చేతుల మీదుగా ఒక్క స్ఫటికం కూడా రాలేదు. "ఇది మామూలే, మా సీనియర్‌కి ఏడాదిన్నర పట్టింది" అని ఓదార్చారు. అది ఓదార్పో హెచ్చరికో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడోది ఆప్టికల్ ట్వీజర్స్ ల్యాబ్. లేజర్ కాంతిని మైక్రోస్కోప్ లెన్సుతో ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తే, మైక్రోమీటరంత ప్లాస్టిక్ పూస అక్కడ చిక్కుకుని నిలబడిపోతుంది. ఆర్థర్ ఆష్కిన్ బృందం 1986లో చేసి చూపించింది. ఆయనకు 2018లో నోబెల్ వచ్చింది. ఆ పూసకు ఒక డీఎన్ఏ అణువు కొస అతికించి లాగితే ఎంత బలానికి ఎంత సాగిందో కొలవచ్చు. బలం పికోన్యూటన్లలో (న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు), సాగింది నానోమీటర్లలో. మొదటిసారి తెరమీద ఆ పూస ఉన్నచోటే వణుకుతూ కనిపించినప్పుడు, నా ల్యాబ్ ఇదేనని అప్పుడే అనిపించింది.

రొటేషన్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. గైడ్‌తో మాట్లాడటం సరే, ఆ ల్యాబ్‌లో అందరికంటే ఆలస్యంగా చేరినవాళ్లతోనూ, వెళ్లిపోబోతున్నవాళ్లతోనూ విడివిడిగా మాట్లాడండి. ఫ్రీజర్ తలుపు తీసి చూడండి. ట్యూబుల మీద తేదీ, పేరు రాసి ఉన్న ల్యాబ్ వేరు, లేని ల్యాబ్ వేరు. నేను చేరిన చోట రాసి ఉన్నాయి. తర్వాతి ఏళ్లలో అది నాకు ఎన్ని వారాలు మిగిల్చిందో లెక్కలేదు.

ఏప్రిల్‌లో గైడ్ ఒప్పుకున్నారు. మా అంశం హెలికేజ్, అంటే డీఎన్ఏ రెండు పోగుల్ని విప్పే ఎంజైమ్. హెయిర్‌పిన్‌లా మడతపడిన డీఎన్ఏని రెండు చివరలా లాగి పట్టుకుని, ఎంజైమ్ దాన్ని విప్పుతుంటే పొడవు ఎలా పెరుగుతుందో చూడాలి. ఒక్కో బేస్ జత (రెండు పోగుల్ని కలిపే మెట్టులాంటిది) విడితే దాదాపు ఒక నానోమీటరు పెరుగుతుంది. 15 పికోన్యూటన్ల దగ్గర హెయిర్‌పిన్ తనంతట తానే విడిపోతుంది కాబట్టి అంతకంటే తక్కువ బలంలో పనిచేయాలి.

ఫిజిక్స్ నుంచి వచ్చేవాళ్లకు ఎవరూ ముందుగా చెప్పనిది ఇక్కడ మొదలవుతుంది. లేజరు, ఆప్టిక్స్, డేటా అన్నీ మనకు వచ్చినవే. అసలు పనంతా ప్రోటీన్ తయారీలో ఉంటుంది. ప్రోటీన్ సీసాలో వస్తుందనే మనం అనుకుంటాం. నా హెలికేజ్‌ని నేనే ఈ.కోలై బ్యాక్టీరియాలో పెంచి, కణాల్ని పగలగొట్టి, నికెల్ కాలమ్ మీదుగా పంపి శుద్ధిచేసి, ప్రోటీన్ వచ్చిందో లేదో జెల్ మీద చూసుకోవాలి. 37 డిగ్రీల దగ్గర పెంచితే మొత్తం ముద్దకట్టి అడుగున పడిపోయేది. 18 డిగ్రీలకు దించి రాత్రంతా వదిలేస్తేనే కరిగిన రూపంలో కొంచెం దక్కేది. సోమవారం మొదలుపెడితే గురువారం రాత్రికి చేతిలో చిన్న ట్యూబు ఉండేది. దాన్ని చిన్న చిన్న భాగాలుగా పంచి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టాలి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టిస్తే పనికిరాదు. ఈ పనులన్నీ పక్క ల్యాబ్‌లోని ఒక సీనియర్ నాకు దగ్గరుండి నేర్పించింది. ఆమె పేరు మా పేపర్లో కృతజ్ఞతల వరుసలో ఉంది. రచయితల వరుసలోనే ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఇక పాఠాల సంగతి. స్టైపెండ్‌కి షరతుగా రెండో సెమిస్టర్ నుంచి టీచింగ్ అసిస్టెంట్ పని ఉంటుంది. బయాలజీ చదివే మొదటి ఏడాది విద్యార్థులకు ఫిజిక్స్ ల్యాబ్ చెప్పాలి. శిక్షణ ఒక్క పూట. అందులో ఎక్కువ భాగం మంటలు లేస్తే ఏం చేయాలో, మార్కులు ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలో చెప్పారు. పాఠం ఎలా చెప్పాలో ఎవరూ చెప్పలేదు. కాగితం మీద వారానికి 10 గంటలు. రిపోర్టులు దిద్దే వారంలో అది రెట్టింపు అవుతుంది. కొత్తగా చేరేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: చేరిన మొదటి స్టైపెండ్ నాకు రెండు నెలల తర్వాత వచ్చింది. అప్పటిదాకా గడవడానికి చేతిలో డబ్బు ఉంచుకోవాలి.

మొదటి క్లాసు టెన్షన్ గురించి రాయనక్కర్లేదు, అందరికీ ఉండేదే. నాకు కష్టమైంది వేరే. ఆ పిల్లలు ఫిజిక్స్ ఇష్టపడి వచ్చినవాళ్లు కాదు, తప్పక కూర్చున్నవాళ్లు. వాలుబల్ల మీద చెక్కముక్క జారితే వాళ్లకేంటి? మూడో వారంలో పుస్తకం పక్కనబెట్టి ఒక ప్రశ్న వేశాను. "బ్యాక్టీరియా సెకనుకు 30 మైక్రోమీటర్ల వేగంతో ఈదుతోంది. ఉన్నట్టుండి తోక తిప్పడం ఆపేసింది. ఎంత దూరం వెళ్లి ఆగుతుంది?" పడవలా ఎంతో కొంత ముందుకు పోతుందని అందరూ అన్నారు. లెక్క వేస్తే పరమాణువు వ్యాసం కంటే తక్కువ. అంత చిన్న ప్రాణికి నీళ్లు మనకు తెలిసిన నీళ్లు కావు, జడత్వానికి అక్కడ విలువే లేదు. ఎప్పుడూ వెనక బెంచీలో ఫోన్ చూసుకునే అబ్బాయి "మరి అది తిండి దగ్గరకెలా పోతుంది?" అని అడిగాడు. ఆ రోజు గంట కొట్టాక కూడా ఎవరూ లేవలేదు.

ఆ తర్వాతి సెమిస్టర్‌లో వ్యాపనం (అణువులు వాటంతటవే అటూ ఇటూ కదులుతూ పరుచుకోవడం) మీద లెక్కలు నేనే తయారుచేశాను. కణద్రవంలో ఒక మామూలు ప్రోటీన్ 10 మైక్రోమీటర్లు వ్యాపించడానికి కొన్ని సెకన్లు చాలు. అదే ప్రోటీన్ మీటరు పొడవున్న నాడీకణం తంతువులో ఈ కొస నుంచి ఆ కొసకు కేవలం వ్యాపనంతో చేరాలంటే? దూరం లక్ష రెట్లు పెరిగితే సమయం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వెయ్యేళ్లు దాటిపోతుంది. అందుకే కైనెసిన్ లాంటి మోటారు ప్రోటీన్లు ఉన్నాయి. అడుగుకు 8 నానోమీటర్లు, సెకనుకు సుమారు ఒక మైక్రోమీటరు చొప్పున మోసుకెళ్తే పన్నెండు రోజుల్లోపు చేరుస్తాయి.

రెండో ఏడాది మే నెలలో క్వాలిఫయింగ్ పరీక్ష. ప్రతిపాదన రెండు వారాల ముందే ఇచ్చేయాలి. తర్వాత గదిలో నలుగురు ప్రొఫెసర్లు, ఒక బోర్డు, మనం. రెండు గంటలు. నేను హెలికేజ్ మీద ఉన్న పేపర్లన్నీ నమిలి మింగి వెళ్లాను. మొదటి పావుగంట తర్వాత దాని ఊసే ఎత్తలేదు. "గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి ఎంత, పికోన్యూటన్ నానోమీటర్లలో చెప్పు" అన్నారు. 4.1. "ఒక ఏటీపీ విరిగితే వచ్చే శక్తి దానికి ఎన్ని రెట్లు?" సుమారు 20. (ఏటీపీ అంటే కణం ఇంధనంగా వాడే అణువు.) "అయితే మోటారు ప్రోటీన్ ఎందుకు కావాలి, వ్యాపనం సరిపోదా?" నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఆ లెక్కే ఫిబ్రవరిలో మూడు బ్యాచ్‌లకు బోర్డు మీద వేసి, ఎవరెవరు ఎక్కడ తప్పుతారో కూడా చూసి ఉన్నాను. చేతులు వాటంతటవే రాశాయి. బయట కూర్చోబెట్టి ఇరవై నిమిషాల తర్వాత పిలిచి పాస్ అన్నారు. ఆ ఇరవై నిమిషాలు మాత్రం బాగా పొడుగ్గా గడిచాయి.

మూడో ఏడాది గురించి తక్కువే రాస్తాను, ఎందుకంటే చూపించడానికి ఏమీ లేదు. పూస చిక్కేది, డీఎన్ఏ అతుక్కునేది, బలం పెంచేలోపు తెగిపోయేది. ఒకే డీఎన్ఏ అణువుని పట్టుకున్నామో లేదో తెలుసుకోవడానికి మామూలు రెండు పోగుల డీఎన్ఏ అయితే 65 పికోన్యూటన్ల దగ్గర ఒక్కసారిగా సాగిపోతుందా అని చూస్తాం. నావి అక్కడిదాకా బతికేవే కావు. లేజర్ వెలుతురు, పాలిస్టైరీన్ పూస, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కలిస్తే పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు ఆ అతుకుల్ని కొరికేస్తాయి. దానికి మందు ఆక్సిజన్‌ని పీల్చేసే ఎంజైముల మిశ్రమం. అందరూ వాడేది గ్లూకోజ్ ఆక్సిడేజ్, కెటలేజ్. కానీ అది పనిచేస్తూ పనిచేస్తూ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, గంటలు గడిచేకొద్దీ హెలికేజ్ మందగిస్తుంది. పైరనోస్ ఆక్సిడేజ్‌కి మారాక ఆ గొడవ తగ్గింది. ఈ రెండు వాక్యాలు తేలడానికి వేసవి మొత్తం పోయింది. ఎంజైము ఆర్డర్ పెడితే వచ్చేసరికి ఐదు వారాలు. డీఎన్ఏ ముక్కలు మాత్రం వారంలో వచ్చేవి.

యంత్రం ఒకటే, వాడేవాళ్లం ముగ్గురం. నాకు దక్కింది రాత్రి వేళ. మొదట బాధపడ్డాను గానీ అదే మంచిదైంది. పగలు ఏసీ ఆగి మొదలైనప్పుడల్లా డేటాలో గీత నెమ్మదిగా పైకీ కిందకీ తేలేది. పక్కన ఎవరైనా గట్టిగా మాట్లాడితే అదీ కనిపించేది. రాత్రి రెండింటికి భవనం నిద్రపోతే గీత తిన్నగా వచ్చేది. కాకపోతే పొద్దున తొమ్మిదికి క్లాసు ఉండేది.

ఆ ఏడాది నన్ను నిలబెట్టింది ఆ తొమ్మిది గంటల క్లాసే. రీసెర్చ్‌లో నెలల తరబడి ఏ పనీ పూర్తికాదు. ఇవాళ ఏం చేశావంటే చెప్పడానికి ఏమీ ఉండదు. క్లాసు అలా కాదు. గంటన్నరకు మొదలుంది, చివరుంది. వచ్చేటప్పుడు అర్థంకానివాడికి వెళ్లేటప్పుడు అర్థమవుతుంది, అది మనకు కళ్లముందే కనిపిస్తుంది. "టీచింగ్ వల్ల రీసెర్చ్ సమయం పోతుంది" అని చాలామంది అంటారు. గంటల లెక్కలో నిజమే. కానీ ఆ గంటలు లేకపోతే నేను మూడో ఏడాది మానేసి ఉండేదాన్ని.

అలాగని పాఠాలన్నీ పండగేం కాదు. రిపోర్టులు దిద్దడం విసుగు. ఇద్దరి డేటా దశాంశం తర్వాత నాలుగో అంకె వరకు ఒకేలా ఉంటే ఏం చేయాలో ఏ శిక్షణలోనూ చెప్పరు. ఇద్దరినీ పిలిచి అడిగితే ఒకరు ఏడ్చారు, ఒకరు వాదించారు. మార్కుల మీద ఫిర్యాదులు అర్ధరాత్రి వస్తాయి. రాత్రి జవాబివ్వకపోవడం అలవాటు చేసుకున్నాను.

నాలుగో ఏడాది ఫెలోషిప్ వచ్చింది. ఇక క్లాసులు చెప్పక్కర్లేదు. మా గైడ్ సంతోషించారు, "ఇప్పుడైనా పూర్తిగా ల్యాబ్‌లో ఉండు" అన్నారు. ఏడాదికి ఒక్క బ్యాచ్ ఉంచుకుంటానన్నాను. మాట మీద మాట పెరగలేదు గానీ ఆయనకు నచ్చలేదు. వారం తర్వాత "సరే, డేటా ఆగకూడదు" అని ఒప్పుకున్నారు.

ఆ బ్యాచ్‌లోనే పాత ప్రయోగం ఒకటి తీసేసి బ్రౌనియన్ చలనం పెట్టాను. మైక్రోమీటరు వ్యాసమున్న పూసల్ని నీళ్లలో వదిలి, మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి వీడియో తీయాలి, పూస ఎటు పోయిందో ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ గుర్తించాలి. వ్యాపన గుణకం సెకనుకు 0.4 చదరపు మైక్రోమీటర్ల చుట్టూ రావాలి. దాన్నుంచి బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, దాన్నుంచి అవగాడ్రో సంఖ్య. జీన్ పెరిన్ ఇలాంటి ప్రయోగాలతోనే అణువులు నిజమని నమ్మించి 1926లో నోబెల్ అందుకున్నారు. కొత్త పరికరం కొనలేదు, మూలన పడున్న మైక్రోస్కోపులు చాలాయి. మొదటి ఏడాది సగం మంది పూసలు గాజుకి అతుక్కుపోయాయి. నీళ్లలో కొంచెం డిటర్జెంట్ కలిపితే తగ్గింది. ఒకమ్మాయి "కెమెరా షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పూస కదులుతూనే ఉంటుంది కదా, మరి మనం కొలిచేది ఏ చోటు?" అని అడిగింది. వెంటనే పూర్తి జవాబు చెప్పలేనని, వచ్చే వారం తెస్తానని చెప్పాను. తెచ్చాను. ఆ జవాబు మూడు పేజీలైంది.

ఐదో ఏడాది అక్టోబరులో నమూనా కుదిరింది. కుదిరాక డేటా ఎంత తొందరగా వస్తుందంటే కోపం వస్తుంది. నాలుగేళ్ల ఎదురుచూపుకి ఆరు వారాల డేటా. బలం పెంచేకొద్దీ మా హెలికేజ్ వేగం బాగా పెరిగింది. అంటే అది జతల్ని బలంగా చీల్చే రకం కాదు. అవి వాటంతటవి కాస్త తెరుచుకున్నప్పుడు ముందుకు జరిగి ఆక్రమించుకునే రకం.

ఫిబ్రవరిలో పేపర్ పంపాం. సమీక్షలు మే నెలకి వచ్చాయి. ఒక సమీక్షకుడు రెండు పేరాల్లో మెచ్చుకున్నారు. రెండో ఆయన ఏటీపీని విరగ్గొట్టలేని మార్పు చేసిన ఎంజైమ్‌తో కూడా చేసి చూపించమన్నారు. అడిగింది న్యాయమే, అందుకే ఇంకా ఒళ్లు మండింది. మళ్లీ బ్యాక్టీరియా, మళ్లీ 18 డిగ్రీలు, మళ్లీ జెల్. నవంబరులో అంగీకరించారు. ఈ మధ్యలోనే ఒక సదస్సుకి వెళ్లాను. రిజిస్ట్రేషను, టికెట్టు, బస అన్నీ ముందు మన జేబు నుంచే పెట్టుకోవాలి. తిరిగి చేతికొచ్చేసరికి రెండున్నర నెలలు. ఒక్క రసీదు పోయినా ఆ మొత్తం రాదు. అక్కడికక్కడే ఫోటో తీసి పెట్టుకోండి.

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగం) దరఖాస్తులు మొదలయ్యాక రీసెర్చ్ నేపథ్యం ఒక పేజీ, టీచింగ్ నేపథ్యం ఒక పేజీ రాయమన్నారు. మొదటిది ఒక్క పూటలో అయింది. రెండోదానికి వారం పట్టింది. "విద్యార్థులంటే ఇష్టం" అని రాస్తే ఎవరూ నమ్మరు. ఆధారం కావాలి: ఏ కోర్సు, ఎంతమంది, మీరు మార్చిందేమిటి, మార్చాక ఏమైంది. మొదటి ఏడాది నుంచీ విద్యార్థుల అభిప్రాయ పత్రాలు, నేను తయారుచేసిన ప్రయోగ కాగితాలు ఒక ఫోల్డర్‌లో ఉండటంతో బతికిపోయాను. విభాగం పాత రికార్డుల్ని రెండేళ్ల తర్వాత ఉంచదు. ఇంటర్వ్యూలో హెలికేజ్ మీద అడిగినంతసేపూ షట్టర్ ప్రశ్న మీద కూడా మాట్లాడారు. నాకు ఆశ్చర్యం.

థీసిస్ రాయడానికి నాలుగు నెలలు. అందులో రెండు వారాలు మార్జిన్లకీ, బొమ్మల కింది రాతలకీ పోయాయి. ఫార్మాట్ చూసే ఆఫీసు రెండుసార్లు వెనక్కి పంపింది. ఎగ్జామినర్ల రిపోర్టులకి పది వారాలు ఆగాను. ఆ పది వారాలు చదవబుద్ధి కాదు, సెలవు తీసుకోబుద్ధీ కాదు. నేను ఫ్రీజర్ సర్దాను. ట్యూబుల జాబితా రాసి, తర్వాత వచ్చిన జూనియర్‌కి ప్రోటీన్ తీయడం దగ్గరుండి చేయించాను.

వైవాలో ముప్పావుగంట ప్రెజెంటేషన్, తర్వాత తలుపులు మూసి ప్రశ్నలు. హెలికేజ్ అప్పుడప్పుడూ వెనక్కి ఎందుకు జారుతుందన్న దాని మీద చాలాసేపు నడిచింది. "మీ డేటాతో తేలదు, ఏ ప్రయోగంతో తేలుతుందో చెప్పండి" అన్నారు. చెప్పాను. చిన్న దిద్దుబాట్లు, రెండు వారాల గడువు.

చివరిగా పనికొచ్చే విషయం. దిద్దిన ప్రతి ఇచ్చాక కూడా పట్టా చేతికి రావడానికి ఇంకో మూడు నెలలు పడుతుందన్నారు. కొత్త ఉద్యోగం వాళ్లు చేరేలోపు డిగ్రీ పూర్తయినట్టు లేఖ అడుగుతారు. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు వైవా అయిన రోజే ఇచ్చేయొచ్చు, గైడ్ సంతకం ఒక్కటే కావాలి. ఆ సాయంత్రం అందరూ అభినందనలు చెబుతుండగానే నేను మా సార్ చేత సంతకం పెట్టించుకున్నాను. తొమ్మిది రోజుల్లో వచ్చింది.